మగ్గం గుంటలో మూరెడు సేపు

నౌకాదళంలో నా ఫైలు మొదటి కాగితాల్లోనే ఒక అబద్ధం ఉంది. దాన్ని రాసింది మా ఠాణా అమీన్, అంటే ఇప్పటి ఎస్సై, రాయించింది నేను. "తండ్రి మంచివాడే గానీ గప్పాలు కొట్టే మనిషి" అని దాని సారాంశం. ఆ కాగితం చలవ వల్లనే ముప్పై ఏళ్ళకు పైగా ఓడల మీద బతికాను, ఓడలకు కెప్టెన్‌నయ్యాను, చివరికి కారు ముందు నక్షత్రాల పలక పెట్టుకుని తిరిగే హోదాలో దిగాను.

రిటైరయ్యాక ఎవరు కలిసినా రెండే ప్రశ్నలు. మొదటిది, సముద్రం లేని నల్లగొండ జిల్లా నుంచి నేవీకి ఎట్లా పోయావని. ఈ ప్రశ్నకు నాకు ఒళ్ళు మండుతుంది. విమానాలు నడిపేవాళ్ళంతా ఆకాశంలో పుట్టారా? రెండోది, సర్వీసులో అన్నిటికన్నా కష్టమైనదేదని. తుఫాను కథ చెప్తానని కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. తుఫానులు నాకు బాగానే లొంగాయి. లొంగనిది ఒక్కటే, కట్టంగూరు పక్క ఊళ్ళో మా ఇంట్లో బాపు మగ్గం కింద ఉన్న గుంట. దాని సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది నేతగాళ్ళ వాడ. మా ఇళ్ళలో అన్నీ గుంట మగ్గాలే. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి, అందులో ఉన్న తొక్కుడు కర్రలను మార్చి మార్చి తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా నిలువుగా కట్టిన పడుగు పోగులు కొన్ని పైకి, కొన్ని కిందికి విడతాయి. ఆ సందులోంచి నాడె ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను బాపు కాళ్ళ పక్కనే ఆ గుంటలో దిగి ముడుచుకుని పడుకునేవాణ్ణి. చల్లగా ఉండేది. గంజి వాసన, తడి మన్ను వాసన వచ్చేది. ఏ భుజం ముందు దించాలో, తల ఏ మూలకు పెట్టాలో, మోకాళ్ళు ఎక్కడ దాచుకోవాలో ఆ ఈడులోనే నా ఒంటికి తెలిసిపోయింది.

బాపు మాట తక్కువ మనిషి. ఆయనకు కాలం కొలత గడియారం కాదు, గుడ్డ. అమ్మ అన్నానికి పిలిస్తే "బెత్తెడు నేసి వస్త" అనేవాడు. ఎవరైనా పని మీద వస్తే "మూరెడు సేపు కూసో" అనేవాడు. మూరెడు సేపంటే దాదాపు ముప్పావు గంట. ఆ లెక్క మా వాడలో అందరికీ తెలుసు. నేను ఓడల మీద అన్ని గడియారాల మధ్య బతికి కూడా ఇప్పటికీ కాఫీ కోసం ఎదురుచూడాల్సి వస్తే మనసులో మూరల్లోనే కొలుస్తాను.

ఆయనకు ఇంకో అలవాటుంది. వారానికొకసారి నకిరేకల్ సావుకారి దగ్గరికి గుడ్డ తీసుకుపోతే, సావుకారి చెయ్యి వెయ్యకముందే బాపే మడత విప్పి, తప్పు ఉన్నచోట వేలు పెట్టి చూపేవాడు. "గీడ రెండు పోగులు తప్పినయి. చూస్కో." తప్పు లేకపోతే ఏమీ అనకుండా మడత అట్లాగే ముందుకు జరిపేవాడు. అందుకని మిగతా అందరి గుడ్డలూ మడత మడతా విప్పి వెలుతురుకు పెట్టి చూసే సావుకారి, బాపు గుడ్డను మాత్రం విప్పకుండానే పక్కన పెట్టేవాడు. ఆ అంగట్లో అంతకు మించిన మర్యాద ఉండేది కాదు. నేను పక్కన నిలబడి ఆ మర్యాద చూసి ఛాతీ విరుచుకునేవాణ్ణి.

ఇక గుంటలో జరిగిన సంగతి. పోలీసు చర్య అయిపోయి ఏడాది దాటి ఉంటుంది. మా పల్లెల్లో పటాలం తిరుగుతూ కమ్యూనిస్టుల సంఘంలో ఉన్నవాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతుకుతున్న రోజులు. నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. మిట్టమధ్యాహ్నం వెనక దొడ్డి వైపు నుంచి ఒక మనిషి రొప్పుతూ లోపలికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మా ఊరివాడు కాదు. మోకాలి కింద ముళ్ళు గీరిన రక్తం. బాపు అతణ్ణి ఒక్కసారి చూశాడు. పేరు అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు.

"దిగు," అన్నాడు.

అతను గుంటలో దిగి ముడుచుకున్నాడు. బాపు కాళ్ళు అతని భుజాల మీదుగా పెట్టి నేత సాగించాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉంది. ఇద్దరు సిపాయిలు వచ్చారు. గాదె వెనక చూశారు, అటక మీద చూశారు, ఒకడు మగ్గం దగ్గర నిలబడి నేసిన గుడ్డ మీద చెయ్యి కూడా వేసి చూశాడు. బాపు నాడె ఆగలేదు. వాళ్ళు వాడ దాటిపోయేదాకా మూరెడు గుడ్డ నేశాడు. తర్వాత ఆ మనిషి పైకి వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, బాపు కాళ్ళకు దండం పెట్టి దొడ్డి దారినే పోయాడు. మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. బతికాడో లేదో కూడా మాకు తెలియదు.

అతని భుజాలు అడ్డం వచ్చి తొక్కుడు కర్రలు సరిగ్గా దిగలేదు గనక ఆ మూరెడు మేర చీరలో పోగులు అక్కడక్కడ తప్పాయి. బాపు ఆ చీరను అంగడికి తీసుకుపోలేదు. సావుకారికి తప్పు చూపితే అది ఎందుకు వచ్చిందో చెప్పాలి, చెప్పకుండా అమ్మడం ఆయనకు చేతకాదు. అమ్మ కట్టుకుంది. ఆ మూర కుచ్చిళ్ళలోకి పోయేట్టు కట్టేది.

నాకు నేవీ పిచ్చి నల్లగొండ హైస్కూల్లో పట్టింది. రీడింగ్ రూములో ఒక పత్రికలో యుద్ధనౌక బొమ్మ చూశాను. తెల్ల బట్టలు వేసుకున్న ఒకాయన దాని ముందు నిలబడి ఉన్నాడు, ఆ సముద్రం తన జాగీరైనట్టు. అట్లా నిలబడాలని అప్పుడే అనుకున్నాను. సందేహం అనేది నా ఒంట్లో లేదు. ఫారం తెప్పించుకున్నాను, పరీక్ష రాశాను, ఇంటర్వ్యూకు బెంగుళూరు దాకా పోయాను. అక్కడ మీసాల పెద్దమనిషి ఒకాయన "సముద్రం ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు. "లేదు సార్. సముద్రం కూడా నన్నింకా చూడలేదు," అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అప్పుడే అనుకున్నాను, పని అయిందని.

అయింది. డాక్టరీ పరీక్ష కూడా అయింది. ఇక మిగిలింది ఒక్కటే, ఇంటి గురించి పోలీసు విచారణ. ఆ కాగితం బాగా పోతే పిలుపు వస్తుంది, బాగాలేకపోతే అక్కడితో సరి. నాతోపాటు ఎంపికైన ఒకతని పెదనాన్న ఎప్పుడో సంఘం సభలో కూర్చున్నాడని తేలి, అతనికి పిలుపే రాలేదని అప్పటికే విన్నాను. ఆ మాట బాపుకు చెప్పకపోవడం నా తప్పు. ఆయన గుంట ముచ్చట ఇంట్లో కూడా ఎత్తేవాడు కాదు, అమీన్ ముందు ఎందుకు ఎత్తుతాడనుకున్నాను. మహా తెలివిగలవాణ్ణి కదా!

అమీన్ వచ్చిన పొద్దున వాడలో మా పడుగుకు గంజి పెడుతున్నారు. వీధి పొడవునా పోగులు చాపి, కర్రలకు బిగించి, గంజి చల్లి, ఇటూ అటూ నలుగురు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేదాకా ఆ వీధిలో బండి పోదు, ఎవరూ పడుగు దాటరు. పటేలు బండైనా సరే, చుట్టూ తిరిగి పోవాల్సిందే. అమీన్ సైకిలు దిగి, దారి లేక నిలబడ్డాడు. బొద్దు మనిషి. కోస్గి దిక్కు రైతుల ఇంట్లో పుట్టి, బదిలీ మీద మా ఠాణాకు కొత్తగా వచ్చాడు. జొన్న కంకిని చేతిలో పట్టుకుంటే చాలు పంట ఎట్లుంటుందో చెప్పేస్తాడట. గుడ్డ గురించి మాత్రం ఆయనకు కట్టుకోవడమే తెలుసు.

"ఏమయ్యా, నీ కొడుకు జహాజుల నౌకరీకి పోతాండట గదా. జర మీ ఇంటి సంగతి రాసుకోవాలె," అన్నాడు.

బాపు ముఖం వెలిగిపోయింది. చేతిలో కుంచె ఇంకొకరికి ఇచ్చి, అమీన్‌ను ఇంట్లోకి తీసుకుపోయి మంచం వాల్చాడు. అమ్మ బెల్లం పానకం చేసి తెచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది, బాపు ఏమనుకుంటున్నాడో. మా వాళ్ళకు తెలిసిన విచారణ ఒక్కటే, పెళ్ళి విచారణ. అవతలివాళ్ళు వచ్చి ఇల్లెటువంటిది, వంశమెటువంటిది అని అడుగుతారు. అప్పుడు ఇంటి పెద్ద తమ ఇంట జరిగిన గొప్ప పని ఏదో చెప్పాలి. సర్కారు కూడా అట్లాగే నా సంబంధం అడగడానికి వచ్చిందని బాపు అనుకున్నాడు. మా ఇంట జరిగిన గొప్ప పని ఆయన లెక్కలో ఒక్కటే ఉంది.

"మీ ఇంట్ల సంఘపోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అమీన్ మొక్కుబడిగా అడిగాడు.

"లేరు సాబ్. గని ఒక మనిషిని కాపాడిన," అన్నాడు బాపు.

అమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. పదేళ్ళ నుంచి ఎవరికీ చెప్పని మాటను బాపు పూస గుచ్చినట్టు చెప్పేశాడు. మధ్యాహ్నం వేళ, ముళ్ళు గీరిన కాలు, సిపాయి చెయ్యి, మూరెడు గుడ్డ, ఏదీ వదల్లేదు. వాడలోవాళ్ళు గంజి పని వదిలి గడప దగ్గర గుమిగూడారు. అమీన్ పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నాడు. ఇంకా ఏమీ రాయలేదు.

"గీ గుంటలనా? మనిషినా?" అన్నాడు.

"ఔ సాబ్. నా కాళ్ళ కిందనే."

"గప్పాలు కొట్టకు. గండ్ల కుక్కపిల్ల గూడ పట్టది."

ఆ మాట బాపును గుచ్చింది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆయన గుడ్డను అనుమానించినట్టయింది. "ఏమే, గా చీర పట్కరా," అని అమ్మను కేక వేశాడు. అమ్మ కదలలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదయ్యా, ఇగ ఊకో," అంది మెల్లగా. ఆయన వినలేదు. తనే దండెం మీది చీర తెచ్చి, ఆ మూర విప్పి అమీన్ ముందు పరిచాడు. "చూడుండ్రి సాబ్. గీడ తప్పింది, గీడ తప్పింది. ఆయన భుజం అడ్డమొచ్చింది." అమీన్ కళ్ళు చికిలించి చూశాడు. వాడలో ప్రతివాడికీ పది అడుగుల దూరం నుంచి కనిపించే తప్పు ఆయనకు ముక్కు దగ్గర పెట్టినా కనిపించలేదు. "మంచిగనే ఉన్నది గదయ్యా చీర," అన్నాడు.

తర్వాత పంతం వచ్చి, టోపీ తీసి, తనే గుంటలో దిగబోయాడు. నడుము దాకా దిగి ఇరుక్కున్నాడు. ఇద్దరు పట్టి లాగితే గానీ పైకి రాలేదు. గడప దగ్గర అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు బాపు నా వైపు తిరిగాడు.

"రా బిడ్డా. నువ్వు దిగి చూపెట్టు."

అందరి కళ్ళూ నా మీదే. నాకు పదిహేడేళ్ళు, బక్కపలచని ఒళ్ళు. ఆ గుంటలో నేను పడతానని నాకు తెలుసు, బాపుకు ఇంకా బాగా తెలుసు. దిగి ముడుచుకుంటే బాపు మాట నిలబడుతుంది, అమీన్ రాసుకుంటాడు, పత్రికలోని ఆ తెల్ల బట్టలు ఎవరో ఇంకొకరు వేసుకుంటారు. గుంటలో పట్టనట్టు నటిస్తే బాపు అబద్ధాలకోరు అవుతాడు. ఆలోచించుకోవడానికి బెత్తెడు సేపు కూడా లేదు.

దిగాను. ఎడమ భుజం ముందు దించాల్సినచోట కుడి భుజం దించాను. తల మూలకు పెట్టాల్సింది గట్టుకు ఆనించాను. మోకాళ్ళు రెండూ పైకి పొడుచుకు వచ్చాయి. ఇటు కదిలాను, అటు కదిలాను, ముక్కాను, మూలిగాను. నాటకాల్లో వేషం కట్టేవాళ్ళు కూడా అంత బాగా చేసి ఉండరు.

"పడ్తలేను బాపూ," అన్నాను.

బాపు నా ముఖం చూడలేదు. నా కుడి భుజం చూశాడు, నా తల ఉన్నచోటు చూశాడు. ఆ గుంటలో ఒళ్ళు ఎట్లా అమరుతుందో ఆయనకు తెలియదా? నన్ను ఎన్ని ఎండాకాలాలు అందులో నిద్రపుచ్చాడు! ఆయనకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది. నేను ఎందుకట్లా చేశానో కూడా అప్పుడే అర్థమై ఉంటుంది. చీర మడత పెట్టి అమ్మకిచ్చాడు. అమీన్ వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"పిల్లగాడు చెప్పిందే నిజం సాబ్. నాకు జర గొప్పలు చెప్పుకునే అలవాటున్నది. గట్లనే రాసుకోండ్రి."

అమీన్ పకపకా నవ్వి, రాసుకుని, రాసిందంతా పైకి చదివి, సంతకం పెట్టి, మిగిలిన పానకం తాగి సైకిలెక్కాడు. గడప దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే గంజి పనికి పోయారు. బాపు కూడా పోయి కుంచె అందుకున్నాడు. ఆ రోజంతా నా మీద కోపం చూపలేదు. మధ్యాహ్నం నా కంచంలో తన వంతు కూర కూడా వేశాడు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

పిలుపు వచ్చింది. పోయాను. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా అంతగా వేయలేదు. "వచ్చిన" అన్నాను, మా ఊళ్ళో చుట్టాలింటికి పోయినట్టు. శిక్షణలో ముందుండేవాణ్ణి. మోటబావిలో నేర్చిన ఈత చూసి మొదట అందరూ నవ్వారు, ఎందుకంటే మేము ఈత కొడుతుంటే తలకు పైన రెండు జేనల ఎత్తుకు నీళ్ళు ఎగురుతాయి. పందెంలో గెలిచాక నవ్వడం మానేశారు. తాళ్ళు ముడివేసే పాఠం రోజు మా బోధకుడు చూపిన ముడుల్లో ఒకటి, మా అమ్మ తెగిన పోగుకు వేసే ముడే. కళ్ళు మూసుకుని వేసి చూపాను. ఎక్కడ నేర్చావంటే ఇంట్లో అన్నాను. ఇల్లు అన్నప్పుడల్లా మాత్రం నా కుడి భుజానికి ఆ గుంట గట్టు తగిలినట్టుండేది.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు బాపుతో నకిరేకల్ అంగడికి పోయాను. సావుకారి బాపు గుడ్డ తీసుకున్నాడు. మొదటి మడత విప్పాడు. రెండో మడత విప్పాడు. నేను బిత్తరపోయి చూస్తున్నాను. చివరి మడత దాకా విప్పి, వెలుతురుకు పెట్టి, అప్పుడు పక్కన పెట్టాడు. "ఏమనుకోకు, మగ్గం గుంటల పటాలాన్నే దాసిపెట్టినోనివి," అని నవ్వాడు కూడా. అమీన్ ఆ ముచ్చటను హోటల్లో చాయ్ తాగుతూ చెప్పుకున్నాడట. అది ఊరూరా పాకింది. బాపు ఆ నవ్వుకు తల ఊపి, విప్పిన గుడ్డను తనే మళ్ళీ మడత పెట్టాడు. మడత పెడుతుంటే ఆయన వేళ్ళు నేను చూడలేకపోయాను. నా తెల్ల బట్టల ఖరీదు ఆ మడతల్లో ఉంది.

ఎప్పటి నుంచి ఇట్లా అని ఇంటికి వచ్చాక అమ్మను అడిగాను.

"నువ్వు పోయినకాన్నుంచి," అంది. "నువ్వేం ఫికర్ చెయ్యకు. నౌకరీ మంచిగ చేస్కో."

నౌకరీ మంచిగానే చేశాను. చేసే కొద్దీ ఆ మడతలు గుర్తుకొచ్చేవి. అధికారిగా ఓడ మీదికి చేరిన మొదటి ఏడాది ఓడ అడుగున ఉండే ట్యాంకులు తనిఖీ చేయడం కుర్ర అధికారుల పని. మనిషి పట్టీపట్టని మూతి గుండా లోపలికి దూరాలి. నా పక్కవాళ్ళు దానికి ముఖం చాటేసేవాళ్ళు. నేను ఊపిరి వదిలి, ఎడమ భుజం ముందు దించి, నీళ్ళలోకి చేప జారినట్టు జారేవాణ్ణి. ప్రతిసారీ లోపల, ఆ చీకటి ఇనప గదిలో, "పడ్తలేను బాపూ" అన్న నా గొంతే వినిపించేది. ఒకరోజు అక్కడే అనుకున్నాను, దీన్ని సరిచేయాలని. కాగితం మీద కాదు. ఆ కాగితం ఎక్కడుందో ఎవరికి తెలుసు? సరిచేయాల్సింది మా వాడలో, సావుకారి కళ్ళ ముందు.

తర్వాతి సెలవు అరవైల నడిమి సంవత్సరాల్లో వచ్చింది. తెల్ల యూనిఫారం పెట్టెలో పెట్టుకుని వచ్చాను. అమ్మ దాన్ని ఉతికి, పడుగుకు పెట్టే గంజే పెట్టింది. ఆరాక ప్యాంటు తనంతట తాను గోడకు నిలబడింది. అట్లాగే తొడుక్కున్నాను. ఆ రోజు నకిరేకల్ సావుకారే మా వాడకు వచ్చాడు, పండుగ ముందు గుడ్డలు ఏరుకోవడానికి. వీధిలో ఎవరి పడుగుకో గంజి పెడుతున్నారు, వాడంతా అక్కడే ఉంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

"సావుకారీ, జర లోపలికి రా. మీరు గూడ రాండ్రి," అని అందరినీ పిలిచాను. "అమీన్ సాబ్ ఉన్నప్పుడు నేను అబద్ధం చెప్పిన. మా బాపు కాదు."

గడప దగ్గర గుసగుసలు లేచాయి. అమ్మ ఉరికి వచ్చింది. "నీకేమన్న పిచ్చి లేసిందారా? నౌకరీ పోతది," అంది.

"పోతె పోనియ్యే. ఎవలకన్న అర్జీ పెట్టబుద్ధైతే పెట్టుకోనీ," అన్నాను. ధైర్యానికి నేనెప్పుడూ లోటు చేయలేదు. ఒక్క రోజు తప్ప.

బాపు మగ్గం మీద కూర్చునే ఉన్నాడు. నాడె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. కాళ్ళు పక్కకు జరిపాడు.

టోపీ తీసి గూట్లో పెట్టి దిగాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కవాతులూ, మూడు పూటల తిండీ కలిసి నా భుజాలను వెడల్పు చేశాయి. ఎడమ భుజం దించాను, సగంలో ఆగింది. పైన సావుకారి నవ్వు మొదలైంది. ఆనాడు ఆడిన అబద్ధం ఈనాడు నిజమై నన్ను వెక్కిరిస్తుందా? ఊపిరంతా వదిలాను. ఓడ ట్యాంకు మూతి గుర్తు తెచ్చుకున్నాను. గంజి పెట్టిన చొక్కా భుజం దగ్గర పటపటా చిట్లింది. తల పాత మూలకు పోయింది, మోకాళ్ళు గడ్డానికి తాకాయి. మొత్తం మనిషిని లోపలికి పోయాను. తడి మన్ను వాసన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది మన్ను వల్ల కాదు.

పైన ఎవరూ నవ్వడం లేదు. కాసేపటికి బాపు పాదాలు వచ్చి నా భుజాల మీద ఆనాయి. నాడె కదిలింది.

"మోకాలు జర లోపల్కి తీయి," అన్నాడు బాపు. "కర్రకు తగుల్తాంది."

తీశాను. బాపు నేస్తూనే ఉన్నాడు. సావుకారి ఎంతసేపు నిలబడ్డాడో నాకు కనిపించలేదు, ఆయన చెప్పులు మాత్రం కదలకుండా అక్కడే ఉన్నాయి. మూరెడు నేశాక బాపు కాళ్ళు తీసి, చెయ్యి అందించి నన్ను పైకి లాగాడు. నా చొక్కా చిరుగు చూసి "మంచిగ కుట్టలేదు గీ దర్జీ," అన్నాడు. నాతో ఆయన ఆ సంగతి మీద అన్న మాట జీవితంలో అంతే.

ఎవరూ అర్జీ పెట్టలేదు. మా వాడ సంగతి మా వాడలోనే ఉండిపోయింది. నేను సెలవు నుంచి వెళ్ళేలోపల ఆ గుడ్డ మగ్గం దిగింది. బాపుతో నేనూ అంగడికి పోయాను. ఆయన సావుకారి ముందు కూర్చుని, మడత విప్పి, ఆ మూర దగ్గర వేలు పెట్టాడు.

"గీడ పోగులు తప్పినయి. కింద నా కొడుకున్నడు."

సావుకారి ఆ వేలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. గుడ్డ తీసుకుని పక్కన పెట్టాడు. మిగతా మడతలు విప్పలేదు.